మూడో మోటారు

ఇల్లరికం వచ్చిన అల్లుడికి ఏదైనా కావాలంటే ఆ కోరిక ముందు మామగారికి పుట్టాలి. అది తనకే పుట్టిందని ఆయన నమ్మాలి. తర్వాత దాన్ని ఆయనే మనకి చెప్పాలి, మనం నోరు తెరిచి "అబ్బ, ఎంత మంచి ఆలోచనండీ మామయ్యగారూ" అనాలి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. తెనాలిలో మా మామగారు శివరామయ్య గారింట్లో కొన్నేళ్ళు అన్నం తిని నేనే నేర్చుకున్నాను.

నా పేరు శ్రీకర్. మెకానికల్ డిప్లొమా చదివి, పెళ్ళికి ముందు హైదరాబాదులో ఒక ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేసేవాణ్ణి. కావేరి వాళ్ళకి ఒక్కతే కూతురు. రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్ళో మాగాణి, తెనాలిలో మేడ. "అల్లుడుగారు మా ఇంట్లోనే ఉండాలి, కొడుకులా చూసుకుంటాం" అన్నారు. కొడుకులానే చూసుకున్నారు, అబద్ధం ఎందుకు చెప్పాలి? సొంత కొడుకున్నా ఆయన గ్యాస్ బండలే మోయించేవారు, కరెంటు బిల్లే కట్టించేవారు, స్కూటర్ వెనక కూర్చుని ఊరంతా తిప్పమనేవారు. పెళ్ళిలో "అల్లుడుగారూ, మీరు" అన్న మనిషి, నా ట్రంకు పెట్టె దించిన వారానికే "అబ్బాయ్, నువ్వు"కి దిగారు. ఆ ఇంట్లో ఏ కూర వండాలో, ఏ గోడకి ఏ రంగు వెయ్యాలో, చివరికి నేను జుట్టు ఎప్పుడు కత్తిరించుకోవాలో కూడా ఆయన మాటే. నా మాట మీద ఒక్క పని జరిగితే చాలు, ఒకే ఒక్క పని, అని నాకు కడుపులో రగులుతూ ఉండేది.

అలా రగులుతుండగా, రెండువేల ఎనిమిదిలో, బోసు రోడ్డు పక్క సందులో నెట్ సెంటర్లో కూర్చుని సి.ఎన్.సి. మెషిన్లు చూశాను. ఫ్యాక్టరీల్లో ఉండే ఏనుగులు కావు, ఇంట్లో బల్ల మీద పెట్టుకునేవి. కంప్యూటర్లో అక్షరం గీస్తే, ఆ మెషిన్ ఉలిలా కోసే, గిర్రున తిరిగే బిట్టుతో అదే అక్షరాన్ని చెక్క మీద చెక్కి పెడుతుంది. విదేశాల్లో సరదాకి కొనుక్కుని షెడ్డులో పెట్టుకుంటారట. మా ఇంటి వెనక వడ్ల కొట్టు ఖాళీగానే ఉంది. అందులో ఆ మెషిన్, పక్కన ఒక కంప్యూటర్, వాటి ముందు నేను. ఏ చెక్క పెట్టాలో, ఏ అక్షరం వెయ్యాలో నా ఇష్టం. ఇంటికొచ్చి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఇక మామగారికి కోరిక పుట్టించే పని మొదలుపెట్టాను. ఎదురింటాయన గేటు పక్కన టేకు మీద చెక్కించిన పేరు తగిలించుకున్నాడు. మన గోడ మీద రంగుతో రాయించిన పేరు వానకి సగం కారిపోయి "శివరామ" దగ్గర ఆగిపోయింది. రోజూ పొద్దున ఆయన పేపరు చదువుతుంటే నేను ఎదురింటి వైపు చూసి నిట్టూర్చేవాణ్ణి.

"ఏంటబ్బాయ్ అట్టా చూస్తన్నావ్?"

"ఏం లేదండీ. వాళ్ళ పేరు వీధి చివరిదాకా కనిపిస్తుంది. మన పేరు గేటు దగ్గరకొచ్చినా కనపడదు."

వారం తిరిగేసరికి ఆయనే నన్ను పిలిచారు. "ఒరే అబ్బాయ్, ఈ పేర్లు చెక్కే మెషిన్ ఏదో ఉంటదంటగా. మనమే ఒకటి పెట్టుకుంటే ఎట్టా ఉంటది? మన పేరు చెక్కుకోవచ్చు, ఊళ్ళో వాళ్ళవీ చెక్కొచ్చు."

"అబ్బ, ఎంత మంచి ఆలోచనండీ మామయ్యగారూ!"

"మరేమనుకున్నావ్! కానీ ఒకటి. ఈ ఏడు మినుములు అమ్మిన డబ్బు లోపలే రావాలి. పైన పైసా పెట్టను."

అంతవరకూ బాగానే ఉంది. నేను చేసిన తప్పల్లా, కోరిక ఆయనకి పుట్టిస్తే ఎంపిక కూడా ఆయనే చేస్తారని మర్చిపోవడం.

నేను చూసేవి వేరు. ఎంత చెక్క పడుతుంది, ఫ్రేము వణకకుండా ఉంటుందా, స్క్రూ రాడ్లలో లూజుందా, మోటార్లకి లాగే బలముందా. మామగారు అడిగేవి వేరు. ఎంత బరువు, ఎన్ని హార్స్ పవర్, రంగు ఏది, మళ్ళీ అమ్మితే ఎంతొస్తుంది, పెళ్ళిళ్ళ సీజన్లో అద్దెకివ్వొచ్చా. మా అత్తగారు సుశీలమ్మ గారు ఒక్కటే అడిగారు, పాపం. "దానికి పిండి పట్టే చక్రం తగిలించుకోవచ్చా నాయనా?" తగిలించుకోలేమంటే ఆమెకి ఆ మెషిన్ మీద ఆసక్తి అంతటితో పోయింది.

ముందు నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళి విదేశీ మెషిన్ చూపించాను. ముక్కలుగా పార్సిల్లో వస్తుంది, మనం బిగించుకోవాలి. మామగారు మానిటర్ని వేలితో పొడిచి చూశారు. "చేత్తో తడమకుండా, చుట్టూ తిరిగి చూడకుండా వస్తువు కొంటారా ఎవరన్నా? పెళ్ళికూతుర్నయినా ఫొటోలో చూసి ఊరుకోంగా!" అని లేచిపోయారు.

తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో ఎవరో పాత పెద్ద మెషిన్ అమ్ముతున్నారని ఆయనే కనుక్కుని నన్ను లాక్కెళ్ళారు. అది ఒక గది అంత ఉంది. మామగారు దాని చుట్టూ తిరిగారు, డొక్క మీద చరిచారు, అది కదలకపోయేసరికి ఆయన మొహం వెలిగిపోయింది.

"బరువుంది. ఇదీ మెషిన్ అంటే."

"మామయ్యగారూ, ఇది మన గేట్లోంచి పట్టదండీ."

"గేటు పగలగొడదాం."

"దీనికి మూడు ఫేజుల కరెంటు కావాలండీ."

"పెట్టిద్దాం."

ధర చెప్పాక మాత్రం ఆయనకి గేటు మీద జాలి కలిగింది. తిరుగు బస్సులో తెనాలి దాకా నన్నే తిట్టారు. "నీకెప్పుడూ పెద్ద వాటి మీదే చూపు. మన తాహతు చూసుకోవద్దా?" అక్కడికి తీసుకెళ్ళింది ఎవరో నేను అడగలేదు. అడిగితే వచ్చే స్టాపులో దించేస్తారు.

చివరికి బాపట్లలో దొరికింది. రైలు గేటు అవతల వజీర్ అని ఒకాయన రేకుల షెడ్డులో కిటికీ గ్రిల్స్, సోఫాలు చేస్తాడు. తలుపులకి జాలీ డిజైన్లు కోయడానికి ఇనప చానెళ్ళతో సొంతంగా చిన్న సి.ఎన్.సి. తయారు చేసుకున్నాడు. అది చూసి ఇద్దరు ముగ్గురు అడిగితే వాళ్ళకీ చేసిచ్చాడు. నేను ఒక్కణ్ణే వెళ్ళి చూసొచ్చాను. బల్లంత ఉంటుంది. ఫ్రేము గట్టిగా ఉంది, చేత్తో ఊపినా ఊగలేదు. మూడు మోటార్లు: ఒకటి బిట్టుని కుడి ఎడమలకి జరుపుతుంది, ఒకటి ముందుకీ వెనక్కీ, మూడోది పైకీ కిందకీ. వజీర్ ఒక చెక్క ముక్క పెట్టి నా పేరు చెక్కి చేతికిచ్చాడు. నేను అక్కడే మనసు పారేసుకున్నాను. ధర కూడా మినుముల డబ్బుకి రవంత పైన, అంతే.

ఆ రవంత కోసం మామగారు బయల్దేరారు.

షెడ్డులోకి అడుగుపెట్టగానే ఆయన పంచె పైకి మడిచి వంగుని, మెషిన్ స్క్రూ రాడ్లని కళ్ళజోడు పెట్టుకుని చూశారు. వాటి పళ్ళు ఒక్కొక్కటే వేలితో తడిమారు. ఆయన జీవితంలో కొన్నవన్నీ ఎడ్లూ గేదెలే, వయసు పళ్ళలోనే తెలుస్తుందని ఆయన నమ్మకం.

"పళ్ళు అరగలేదు. బానే ఉంది. ఏం భాయ్, ఎంత?"

వజీర్ చెప్పబోతే "నోటితో కాదయ్యా!" అని ఆపి, భుజం మీది కండువా తీసి అతని కుడిచేతి మీద కప్పి, కండువా కింద అతని వేళ్ళు పట్టుకున్నారు. పశువుల సంతలో బేరం అలాగే చేస్తారు, ఎన్ని వేళ్ళు నొక్కితే అంత, పక్కవాడికి ధర తెలియకూడదని. ఆ షెడ్డులో మేం ముగ్గురం తప్ప మనిషి లేడు. వజీర్ తన చేతిని ఎవరో అపరిచితుడు కండువా కింద పిసుకుతుంటే ఏం చెయ్యాలో తెలియక నావైపు చూశాడు. నేను చూరు వైపు చూశాను.

"ఇదేంటండి పెద్దాయనా, వదలండి. నోటితో చెప్పండి, ఎవరూ లేరుగా!"

వేళ్ళు వదిలి నోటికొచ్చాక ఇంకా ఘోరం. మామగారు మినుముల డబ్బు దగ్గర మొదలుపెట్టాల్సింది, సగం మినుముల దగ్గర మొదలుపెట్టారు. టీలు వచ్చాయి, మధ్యాహ్నం అయింది, వజీర్ నమాజుకి వెళ్ళొచ్చాడు. మామగారు కుర్చీలోంచి కదల్లేదు. చివరికి వజీర్‌కి ఒళ్ళు మండింది.

"అయ్యా, మీరన్న ధరకి మూడు మోటార్లు రావండి. రెండే వస్తయ్."

అతను వెటకారంగా అన్నాడు. మామగారు మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అట్టా రా దారికి! రెండే ఇవ్వు. ఏది తీసేస్తావ్?"

"ఏంటండీ!"

"మూడోది ఏం చేస్తదన్నావ్, పైకీ కిందకీ జరుపుతదా? పైకీ కిందకీ జరపడానికి మోటారెందుకయ్యా, ఇంట్లో మనుషుల్లేరా? దానికో చక్రం పెట్టు, తిప్పుకుంటాం."

"మామయ్యగారూ, వద్దండీ. అది లేకపోతే అది సి.ఎన్.సి.నే కాదండీ..."

"నువ్వుండు అబ్బాయ్. బేరంలో మాట్లాడకూడదు."

అంతే. పరాయి మనిషి ముందు మామగారి మాటకి ఎదురు చెబితే ఇల్లరికానికి ఉన్న ఆ కాస్త మర్యాదా పోతుంది. నోరు మూసుకున్నాను. వజీర్ తల కొట్టుకుంటూ మూడో మోటారు ఊడదీసి అక్కడ ఒక ఇనప చక్రం బిగించాడు. కంప్యూటర్లో ప్రోగ్రామ్ కూడా మార్చి నాకు చూపించాడు. బిట్టు లేవాల్సి వచ్చినా దిగాల్సి వచ్చినా మెషిన్ ఆగి "కుయ్" అంటుంది. మనం చక్రం తిప్పి, మీట నొక్కాలి. అప్పుడు ముందుకి కదులుతుంది.

"తమ్ముడూ, నీకు చాలా ఓపిక కావాలి" అన్నాడు మెల్లిగా. అతను మెషిన్ గురించే అన్నాడో లేదో అడగలేదు.

మంచిరోజు చూసి వడ్ల కొట్టులో దించాం. కొబ్బరికాయ కొట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మొదటి చెక్క మీద మామగారి పేరు పెట్టాం.

ఇక్కడ మన లిపి గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఇంగ్లీషు అక్షరమైతే ఒక్క గీతలో అయిపోతుంది. తెలుగుకి తలకట్టు వేరు, గుడి వేరు, కింద వత్తు వేరు, మధ్యలో చుక్క వేరు. ఒక ముక్క అవగానే బిట్టు లేవాలి, పక్కకి జరగాలి, మళ్ళీ దిగాలి. కుయ్, ఎత్తు. కుయ్, దించు. ఒక్క "శివరామయ్య" పూర్తయ్యేసరికి నా కుడి భుజం నాది కాకుండా పోయింది. తర్వాత జ్ఞానమ్మ అని పక్క వీధి టీచరమ్మ పేరు చెక్కమని వచ్చింది. పేరు వినగానే నాకు ఏడుపొచ్చింది.

దీనికి తోడు మామగారు కొట్టులో పడక్కుర్చీ వేయించుకున్నారు. మెషిన్ ఆగడం ఆలస్యం, "ఎత్తు!" అని అరిచేవారు. నేను ఎత్తుతూనే ఉంటాను. "దించు!" అనేవారు. నేను దించుతూనే ఉంటాను. చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ టీ ఇప్పించి, మెషిన్ మొత్తం తన బుర్రలోంచి పుట్టినట్టు చెప్పేవారు. "మూడు మోటార్లతో ఇస్తానన్నాడు. నేనా వినేది! ఒకటి కోసేశా." వచ్చినవాళ్ళు ఆయన తెలివికి మెచ్చుకుని, నావైపు కూడా ఒకసారి చూసేవాళ్ళు.

ఏ చెక్క పెట్టాలో ఆయన ఇష్టం. ఏ పేరు ముందో ఆయన ఇష్టం. అక్షరాలు లావుగా ఉండాలన్నదీ ఆయనే. నా మాట చెల్లడానికి తెచ్చుకున్న మెషిన్లో నేను ఆయన కోసేసిన మోటారునయ్యాను.

కావేరి రాత్రి భుజానికి బామ్ రాస్తూ నవ్వు ఆపుకునేది. "అమ్మ అంటంది, నాన్న కొన్నవాటన్నిట్లోకీ మీరే చవకంట."

"నవ్వు, నవ్వు. మీ నాన్న చేత ఒక్క పూట తిప్పిస్తే తెలుస్తుంది."

"ఆ మాట ఆయనతో అనండి, చూద్దాం."

అనలేదు. అనే ధైర్యమే ఉంటే ఇల్లరికం ఎందుకొస్తాను? ఎరువుల కొట్టుకి వెళ్తున్నానని చెప్పి బాపట్ల బస్సెక్కాను. ఊడదీసిన మోటారు ఇంకో మెషిన్‌కి పెట్టేశానని, కొత్తది కోయంబత్తూరు నుంచి రావాలని వజీర్ చెప్పాడు.

"తెప్పించండి భాయ్. మామయ్యగారికి తెలియనివ్వొద్దు. డబ్బు మెల్లగా ఇస్తాను."

"డబ్బుదేముంది తమ్ముడూ. ముందు ఆ భుజం చూపించుకో" అన్నాడు వజీర్.

మోటారు రాకముందే రేపల్లె బోర్డు వచ్చింది. రేపల్లెలో మామగారి మేనత్త కొడుకు దశరథరామయ్య గారు కల్యాణ మండపం కట్టించారు. చందాలిచ్చిన వాళ్ళ పేర్లు చెక్కించి గుమ్మం పక్కన పెట్టాలనుకున్నారు. మామగారు చందా ఇవ్వలేదు. దాని బదులు ఆ బోర్డే చేసిస్తానన్నారు, టేకు పలక మీద. చేసిచ్చేవాడి పేరు పైన ఉండాలి కదా, అందరికన్నా పైన, అందరికన్నా లావుగా. కట్టించిన దశరథరామయ్య గారి పేరు మూడో వరసలో వచ్చింది.

ప్రారంభోత్సవం రెండు రోజులుందనగా ఆయన బోర్డు చూసుకోవడానికి తెనాలి వచ్చారు. నేను పొద్దుటినుంచీ చక్రం దగ్గర కూర్చునే ఉన్నాను. పైన "శివరామయ్య"లో శి, వ అయ్యాయి, రా నడుస్తోంది. బావలిద్దరూ పడక్కుర్చీ, మడత కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గుమ్మం దగ్గర కావేరి, అత్తగారు, టీచరమ్మ, ఇంకో నలుగురు వీధివాళ్ళు నిలబడ్డారు.

"ఏం బావా," అన్నారు దశరథరామయ్య గారు, "అంతా కంప్యూటరే చేసుకుపోద్దంటన్నావ్, మరి అబ్బాయేం చేస్తన్నాడక్కడ?"

మామగారు నావైపు చూడను కూడా చూడలేదు. టీ ఊదుకుంటూ అన్నారు. "ఏముందిలే, ఊరికే కూచోలేక చక్రం తిప్పుతా ఉంటాడు. వాడు లేకపోయినా నడుస్తది."

గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు. కావేరి నవ్వలేదు. నాకు చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి. ఇన్నాళ్ళు మోసిన గ్యాస్ బండలు గుర్తొచ్చాయి, స్కూటర్ గుర్తొచ్చింది, జుట్టు కత్తిరించుకోమన్న ఆదివారాలు గుర్తొచ్చాయి. అన్నీ ఓర్చుకున్నాను గానీ ఆ "లేకపోయినా" మాత్రం మింగుడు పడలేదు.

కుయ్.

బిట్టు ఎత్తాలి. నేను చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎడమచేత్తో మీట నొక్కాను.

మెషిన్‌కేం తెలుసు, బిట్టు లేచిందనే అనుకుంది. టేకులోకి దిగిన బిట్టుతోనే తర్వాతి అక్షరానికి పరుగెత్తింది. కీచుమని అరుస్తూ రా మీంచి అడ్డంగా పెద్ద గాటు పెట్టుకుంటూ పోయింది. మళ్ళీ కుయ్ అంది. మళ్ళీ నొక్కాను. ఈసారి వెనక్కొచ్చి వ ని కొట్టేసింది.

"ఒరే ఒరే ఒరే!" మామగారు టీ గ్లాసు పడేసి లేచారు. "ఆపరా! ఎందుకు ఎత్తలేదు?"

కరెంటు ఆపేసి లేచి నిలబడ్డాను.

"నేను లేకపోయినా నడుస్తుందన్నారు కదండీ మామయ్యగారూ. నడుస్తుందేమోనని చూశాను."

మామగారి పేరు మీద రెండు గాట్లు, బావగారు పక్కనే, వీధి అంతా గుమ్మంలో. ఆయన మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. నన్ను ఇంట్లోంచి పొమ్మంటారనుకున్నాను. కావేరి అప్పటికే నా పక్కకొచ్చి నిలబడింది. కానీ ఆయన పొగరు ఇంకో దారి పట్టింది.

"ఇదేమన్నా బ్రహ్మవిద్య అనుకుంటన్నావా? లే అక్కణ్ణించి. పలక తిరగెయ్. నేను తిప్పుతా!"

పలక తిరగేశాను. ఆయన కండువా నడుముకి చుట్టుకుని స్టూలు మీద కూర్చుని చక్రం పట్టుకున్నారు. నేను వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మెషిన్ కదిలింది, ఆగింది, కుయ్ అంది.

మామగారు కదల్లేదు. ఆ సన్నటి కూత ఆయన చెవిన పడదు, ఇన్నాళ్ళూ నా చెయ్యి చూసే అరిచేవారు. ఎత్తాలో దించాలో కంప్యూటర్ తెరమీదే ఉంటుంది, అది ఆయనకి వీపు వెనక.

"ఎత్తండి, మామయ్యగారూ" అన్నాను.

ఎత్తారు.

"దించండి."

దించారు.

"కొంచెం ఎక్కువైంది. ఇంకాస్త ఎత్తండి. చాలు. ఆపండి. అబ్బా, ఆపమన్నానా!"

ఆపారు. మీకు చెప్పడానికి సిగ్గేముంది, నా పెళ్ళి రోజున కూడా నాకు అంత ఆనందం కలగలేదు. దశరథరామయ్య గారు "బావా, ఎత్తవోయ్, అబ్బాయి చెప్పాడుగా" అని మధ్య మధ్య కేకలేస్తుంటే ఇంకా బాగుంది. మూడు వరసలు అయ్యేసరికి ఆయన జుబ్బా తడిసిపోయింది. ఆపేద్దామా అని అడిగాను, తల అడ్డంగా ఊపారు. లేస్తే బావ ముందు పరువు పోతుంది.

ఆ బోర్డు రేపల్లె వెళ్ళింది. ప్రారంభోత్సవంలో మామగారు భోజనం కూడా మానేసి దాని పక్కనే నిలబడి, వచ్చినవాళ్ళందరికీ "నా చేత్తో చెక్కింది" అని చెప్పుకున్నారు. ఎవరూ కాదనలేరు, అది నిజం. "ఈ వయసులో ఎంత పనితనమండీ" అని జనం ఆయన చేతులు పట్టుకుని చూశారట.

ఇక ఆ స్టూలు ఆయన నాకు ఇవ్వలేదు.

పొద్దున టిఫిన్ కాగానే చేతులు కడుక్కుని కొట్టులోకొచ్చి కూర్చునేవారు. "అల్లుడూ, ఈరోజు ఏం పేరు?" అని అడిగేవారు. పేరు నేను చెప్పేవాణ్ణి. చెక్క నేను ఏరేవాణ్ణి. అక్షరాలు సన్నగా మార్చాను, కిక్కురుమనలేదు. ఎవరి పని ముందో నేనే చెప్పేవాణ్ణి. గ్యాస్ బండకి ఇంకెవరినో మాట్లాడుకున్నారు, ఎందుకంటే నేను లేకపోతే ఆయనకి "ఎత్తండి" అని చెప్పే దిక్కు లేదు. అలిసిపోతే చెప్పేవారు కాదు, కాస్త ఆలస్యంగా ఎత్తేవారు. నేను మందలించేవాణ్ణి. కావేరి ఒకసారి "మరీ అంత గట్టిగా అనాలా మా నాన్నని?" అంది. "పనిలో మాట్లాడకూడదు" అన్నాను.

ఒకరోజు పొద్దున్నే వజీర్ బాపట్ల నుంచి వచ్చాడు. చంకలో అట్టపెట్టె. నేను వీధి అరుగు మీద ఉన్నాను, కావేరి ముగ్గు పెడుతోంది.

"తమ్ముడూ, వచ్చేసింది. అరగంటలో బిగించేస్తా. ఇక ఎవరూ చక్రం తిప్పక్కర్లా" అన్నాడు సంబరంగా.

ఈ మోటారు కోసం దొంగతనంగా బస్సెక్కి వెళ్ళినవాణ్ణి. ఇప్పుడు దాన్ని చూస్తుంటే ఎవరో నా కుర్చీ లాగేస్తున్నట్టుంది. కావేరి ముగ్గు ఆపి నా మొహమే చూస్తోంది.

అప్పుడే మామగారు తుండుతో చేతులు తుడుచుకుంటూ లోపల్నుంచి వచ్చారు. "ఏంటి భాయ్, ఆ పెట్టెలో ఏంటి?"

వజీర్‌కి నేను సైగ చేసేలోపే చెప్పేశాడు. "మీరు ఆ రోజు వద్దన్న మోటారేనండి పెద్దాయనా. ఇది పెడితే అదే లేస్తది, అదే దిగుతది. మీరు హాయిగా పడక్కుర్చీలో కూచోవచ్చు."

మామగారు ధర అడగలేదు. తుండు భుజాన వేసుకుని, పెట్టె వైపు కాసేపు చూసి, తర్వాత నావైపు తిరిగారు. ఆ ఇంట్లో ఆయన నన్ను అలా చూడడం నేను ఎన్నడూ ఎరగను. గొంతు తగ్గించి, వజీర్‌కి వినపడకూడదన్నట్టు, అడిగారు.

"అది పెడితే మరి నేనేం చెయ్యాలి అల్లుడూ?"

"ఊరికే కూర్చోండి" అని నోటిదాకా వచ్చింది. ఊరికే కూర్చోవడం ఎలా ఉంటుందో ఆ ఇంట్లో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

"తీసుకెళ్ళండి భాయ్" అన్నాను. "బస్సు ఛార్జీలు నేనిస్తాను. మాకిది అక్కర్లేదు."

వజీర్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఏదో గొణుక్కుంటూ పెట్టె చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మామగారి కళ్ళు తడిగా ఉన్నాయి. నేను చేసింది జాలిపడేనా అని కావేరి తర్వాత చాలాసార్లు అడిగింది. జాలి ఉంది, లేదనను. కానీ ఆయన గబగబా కొట్టులోకి వెళ్ళి స్టూలు మీద సర్దుకుని, చక్రం మీద చెయ్యేసి, వీపు నావైపు పెట్టుకుని నా మాట కోసం ఎదురుచూస్తుంటే, నాకు కలిగింది జాలి ఒక్కటే కాదు.

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"దించండి" అన్నాను.